అందోంగ్ లాంటి చిన్న ఊళ్ళో చిన్న పాపతో ఉండగలమా? అక్కడ ఆరేళ్ళు ఉన్న అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీవారికి కొరియాలోని అందోంగ్‌లో రెండేళ్ళ పోస్ట్‌డాక్ వచ్చింది. నాలుగేళ్ళ పాప ఉంది. మీరు మాంసం ముట్టరు. ఇద్దరిలో ఎవరికీ కొరియన్ రాదు. "సియోల్ అయితే సరేగానీ ఆ మారుమూల ఊళ్ళో ఎలా ఉంటారు, సెలవొస్తే ఎక్కడికి పోతారు" అని ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు. వెళ్ళాలా, మానాలా?

వెళ్ళండి. నేను 2019 ఆగస్టు నుంచి 2025 వేసవి దాకా అక్కడే ఉన్నాను. మా ఆయనది కూడా పరిశోధన ఉద్యోగమే, మేం వెళ్ళేటప్పటికి మా బాబుకు మూడేళ్ళు. సియోల్‌లో ఉన్న మనవాళ్ళ కంటే మేమే నిమ్మళంగా బతికామని నా నమ్మకం. అయితే ఒక షరతు ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. విమానం ఎక్కేలోపు మీరిద్దరూ కొరియన్ రాసే హంగుల్ లిపి చదవడం నేర్చుకోండి. మాట్లాడడం అక్కడికి వెళ్ళాక వస్తుంది. చదవడం మాత్రం ఇక్కడే రావాలి.

అదేం పెద్ద కష్టం కాదు. మూలాక్షరాలు 14 హల్లులు, 10 అచ్చులు, అంతే. గుణింతం దిద్దుకున్న మనకు ఇంకా సులువు. హల్లూ అచ్చూ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. ఒక్కోసారి కింద ఇంకో హల్లు వస్తుంది. చూడ్డానికి మన ఒత్తులా ఉంటుంది గానీ పలికేటప్పుడు అక్షరం చివర పొల్లులా పలుకుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే పది రోజుల్లో బోర్డులు చదువుతారు. సేజోంగ్ రాజు 1446లో ఈ లిపిని ప్రకటించినప్పుడు దాన్ని వివరిస్తూ అచ్చువేయించిన గ్రంథం ప్రతి ఒకటి 1940లో బయటపడింది, అదీ మీరు వెళ్ళబోయే అందోంగ్‌లోనే.

సియోల్‌లో ఇంగ్లీషు బోర్డులతో నెట్టుకొచ్చేయవచ్చు. అందోంగ్ జనాభా లక్షన్నర ఉంటుంది. బస్సు ముందు రాసే ఊరి పేరు, గది గోడ మీద ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ మీటలు, చెత్త సంచి మీద రాత, పాప మందు చీటీ, అన్నీ కొరియన్‌లోనే. ఫోన్‌లో పపాగో ఆప్ ఉంటుంది నిజమే. కానీ ప్రతి మాటకూ ఫోన్ తీసి ఫొటో కొట్టే మనిషితో ఎదుటివాళ్ళు మాట కలపరు. తడుముకుంటూ అయినా చదివే మనిషిని చూస్తే దగ్గరికి వచ్చి సాయం చేస్తారు. చిన్న ఊళ్ళో మన బతుకంతా ఆ మాట కలపడం మీదే ఉంటుంది.

ఇది ఊరికే అనడం లేదు. 2025 మార్చి 22న పక్కనున్న ఉయిసోంగ్ జిల్లాలో కార్చిచ్చు రేగింది. 25న గాలి పెరిగి మంట అందోంగ్ వైపు తిరిగింది. ఆ సాయంత్రం ఆకాశం ముదురు నారింజ రంగుకు మారింది. కిటికీ అంచు మీద వేలు పెడితే బూడిద అంటుకుంటోంది. ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. సందేశంలో "దేపి" అన్న మాట చదవగలిగాను. దేపి అంటే అక్కడి నుంచి తప్పుకుని సురక్షితమైన చోటికి వెళ్ళడం. ఊరు ఊరంతటికీ వచ్చిన హెచ్చరిక అది. మా ఆయన ఆ రోజు ఊళ్ళో లేరు. నేను పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకుంటుండగా కింది ఇంటి హల్‌మొనీ, అంటే అమ్మమ్మ, తలుపు కొట్టింది. బాబుకు స్వెటర్ వేయమని సైగ చేసి, తన కొడుకు కారులో మమ్మల్ని కూడా ఎక్కించుకుని తీసుకెళ్ళింది. ఆ రాత్రి ఒక బడి వ్యాయామశాలలో ఆమె పక్కనే పడుకున్నాం. 681లో వెలిసిన గోఉన్‌సా ఆలయంలో చాలా భాగం ఆ మంటల్లో కాలిపోయింది, చుట్టుపక్కల ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. పాతకాలపు ఇళ్ళున్న హాహ్వే గ్రామం దాకా వచ్చిన ముప్పు తప్పింది.

ఆ హల్‌మొనీతో పరిచయం మా కుక్కర్ విజిల్‌తో మొదలైంది. వాళ్ళ ప్రెషర్ కుక్కర్లకు మనలా పెద్ద విజిల్ రాదు. మేం దిగిన మూడో రోజు పప్పు పెడితే నాలుగో విజిల్‌కు ఆమె కంగారుగా పైకి పరిగెత్తుకొచ్చింది. లోపలికి పిలిచి పొయ్యి చూపించాను, గిన్నెడు పప్పు ఇచ్చాను. రెండు రోజులకు అదే గిన్నెలో పెర్సిమన్ పళ్ళు వచ్చాయి. మన దగ్గర ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వనట్టే వాళ్ళూ ఇవ్వరు. కాబట్టి దిగిన వారంలోపే పైనా కిందా ఇళ్ళవాళ్ళకు ఏదో ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్ళి పలకరించండి. అందోంగ్ యాసలో పలకరింపు "అన్‌న్యోంగ్ హాసినిక్క్యో" అని ఉంటుంది. పుస్తకాల్లో నేర్పే మాట కాదు. కొత్తగా వచ్చిన విదేశీయురాలి నోట అది విన్న ప్రతి ముసలామె ముఖం విప్పారడం చూశాను.

ఇల్లు. విశ్వవిద్యాలయం ఊరికి తూర్పున ఉంది. రైల్వే స్టేషనూ బస్టాండూ పక్కపక్కనే, పడమరన. మధ్యలో పాత ఊరూ సంతా. ఆ మధ్యలోనే చూసుకోండి. మేం రెండు గదుల ఇంటికి 50 లక్షల వోన్ల డిపాజిట్ కట్టి, నెలకు 4 లక్షల వోన్ల అద్దె ఇచ్చాం. వెయ్యి వోన్లంటే సుమారు 60 రూపాయలు అనుకోండి. డిపాజిట్ ఖాళీ చేసేటప్పుడు తిరిగి వస్తుంది గానీ మొదటి నెలలో అంత డబ్బు చేతిలో ఉండాలి, జీతం ఇంకా రాదు. దీనికి ముందే సిద్ధపడండి. ఒప్పందం అయ్యాక చిరునామా నమోదు చేయించి, ఒప్పందం మీద అధికారిక తేదీ ముద్ర కూడా వేయించుకోండి. యజమాని అప్పుల్లో పడితే మీ డిపాజిట్‌ను కాపాడేది ఆ రెండే.

చలి గురించి ఒక మాట. అందోంగ్ సముద్రానికి దూరంగా లోపలికి ఉంటుంది, జనవరిలో మైనస్ 10 మామూలే. ఇళ్ళకు నేల కింద నుంచి వేడి వస్తుంది, పాప నేల మీద హాయిగా ఆడుకుంటుంది. మొదటి చలికాలం మేం నాలుగు రోజులు ఊరెళుతూ గ్యాస్ బిల్లు కలిసొస్తుందని బాయిలర్ పూర్తిగా ఆపేశాం. వచ్చేసరికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి, బాగుచేయించడానికి 2 లక్షల వోన్లు అయింది. బాయిలర్ మీద "వేచుల్" అని ఒక మీట ఉంటుంది, బయటికి వెళ్ళడం అని అర్థం. ఊరెళ్ళేటప్పుడు దాన్ని నొక్కి వెళ్ళండి, ఆపకండి.

కాగితాల్లో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మన పేర్లు పొడవు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. దిగిన 90 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్డుకు దరఖాస్తు పెట్టాలి. ఆ కార్డు మీద, బ్యాంకు ఖాతాలో, ఫోన్ కనెక్షన్లో మీ పేరు అక్షరం పొల్లుపోకుండా, అదే వరుసలో, అవే ఖాళీలతో ఉండాలి. అక్కడ ఆన్‌లైన్‌లో ఏది కొనాలన్నా, టికెట్ తీయాలన్నా ఫోన్ ద్వారా గుర్తింపు సరిచూస్తారు. నా ఖాతాలో ఒక చోట ఖాళీ లేకుండా పేరు ఎక్కించారు. అది బయటపడేదాకా ఎనిమిది నెలలు నా ఫోన్ నుంచి ఒక్క వస్తువు కూడా తెప్పించుకోలేకపోయాను. కౌంటర్ దగ్గరే తెర చూపించమని అడిగి సరిచూసుకోండి. వీసా విషయాలకు 1345కు ఫోన్ చేయవచ్చు, ఇంగ్లీషులో జవాబిస్తారు. భారతీయులకు దీర్ఘకాలపు వీసాకు క్షయ పరీక్ష ధ్రువపత్రం కావాలి, పెళ్ళి సర్టిఫికెట్‌కు అపోస్టిల్, అంటే పరాయి దేశంలో చెల్లడానికి మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, వేయించాలి. ఈ రెండూ ఇక్కడే చేయించుకోండి. మీకు వచ్చేది కుటుంబ వీసా కాబట్టి విడిగా అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు.

ఆరోగ్య బీమాలో చేరడం తప్పనిసరి. ఉద్యోగి బీమా కిందికి కుటుంబాన్ని చేర్పించమని మీవారి కార్యాలయంలో మొదటి వారమే అడగండి. చేరాక చిన్న క్లినిక్‌లో జ్వరానికి చూపించుకుంటే కొన్ని వేల వోన్లతో అయిపోతుంది.

పాప గురించి భయపడకండి. జనం తగ్గిపోతున్న ప్రాంతాలుగా కొరియా ప్రభుత్వం 2021లో గుర్తించిన 89 చోట్లలో అందోంగ్ ఒకటి. పిల్లలు తక్కువ, అందుకని పిల్లల్ని అపురూపంగా చూస్తారు. శిశు కేంద్రాన్ని "ఒరినిజిప్" అంటారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం మామూలుగా విదేశీ పిల్లలకు వర్తించదు, కొన్ని స్థానిక ప్రభుత్వాలు మాత్రం విడిగా ఇస్తున్నాయి. నగర కార్యాలయంలో తప్పక అడగండి. భోజనం గురించి మొదటి రోజే టీచరుకు కొరియన్‌లో రాసి ఇవ్వండి. మా బాబు మూడు నెలలు మాటే లేకుండా కూర్చున్నాడు, నేను చాలా టెన్షన్ పడ్డాను. నాలుగో నెలలో సంతలో చేపలమ్మే ఆవిడతో నా తరఫున బేరం మాట్లాడాడు. మీరు కూడా ఊళ్ళోని కుటుంబ సహాయ కేంద్రంలో కొరియన్ తరగతుల గురించి కనుక్కోండి, చాలా చోట్ల ఉచితంగానే చెబుతారు. నా ప్రాణస్నేహితురాళ్ళు అక్కడే దొరికారు. ఒకామె వియత్నాం నుంచి కోడలిగా వచ్చింది, ఇంకొకామెది నేపాల్.

తిండి దగ్గర నిజం చెప్పాలి. బయట శాకాహారం కష్టం. "కోగి ప్పే జుసెయో" అంటే మాంసం తీసేయండి అని. కానీ ఆ మాట ఒక్కటే సరిపోదు. చేప, హామ్ వాళ్ళ లెక్కలో ఒక్కోసారి మాంసం కిందికి రావు. చారు అంటే ఎండు నెత్తళ్ళతో కాచినదే అయి ఉంటుంది, కిమ్చీలో చేపల సాసో ఉప్పు రొయ్యలో పడతాయి. కూరగాయలు కలుపుకునే అన్నం బిబింబాప్ అడిగినా దాని ఎర్రటి ముద్దలో గొడ్డుమాంసం కలిపి వేయించినది ఉండవచ్చు, విడిగా పెట్టించుకుని కనుక్కోండి. నిశ్చింతగా తినాలంటే గుళ్ళలో చేసే వంట. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మన వ్రతం రోజు వంటలా ఉంటుంది. అందోంగ్ పేరు చెబితే కొరియావాళ్ళకు గుర్తొచ్చే జ్జిమ్‌డాక్ కోడి కూర, ఉప్పు చేప మీకు పనికిరావు, పాత సంతలో ఆ వాసన దాటుకుని కూరగాయల వైపు వెళ్ళడమే.

ఇంట్లో వండుకుంటే మాత్రం ఏ లోటూ రాదు. చిన్న ఊళ్ళలో నేపాలీ, శ్రీలంక కార్మికులు ఉంటారు, వాళ్ళ కోసం వెలిసిన ఏషియన్ మార్టుల్లో కందిపప్పు, జీలకర్ర, బాస్మతి దొరుకుతాయి. సోనా మసూరి, చింతపండు సియోల్ నుంచి పార్శిల్ తెప్పించుకునేవాళ్ళం. 2, 7తో ముగిసే తేదీల్లో సంత జరుగుతుంది. అక్కడ ముల్లంగి, గుమ్మడి, సొరకాయ, పాలకూర తాజాగా ఉంటాయి. మెంతి, కరివేపాకు మాత్రం ఆశించకండి. సెప్టెంబరు వస్తే ఊరి చుట్టూ రోడ్ల పక్కన పట్టాలు పరిచి పండు మిరపకాయలు ఆరబోస్తారు. పక్కనే ఉన్న యోంగ్‌యాంగ్ జిల్లా మిర్చికి పెట్టింది పేరు. మొదటిసారి బస్సు కిటికీలోంచి ఆ ఎరుపు చూసినప్పుడు గుంటూరు కళ్ళాలే గుర్తొచ్చాయి. అయితే ఆ కారం బరకగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన ఆవకాయకు పనికిరాదు.

ఇక చూడ్డానికి ఏముంది అన్నారు. దీని గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. సెలవు రాగానే సియోల్ పరిగెత్తకండి, ఇంటి చుట్టూ ఉన్నవి చూడ్డానికే రెండేళ్ళు చాలవు.

ముందు హాహ్వే. నక్తోంగ్ నది ఊరిని చుట్టి మెలి తిరుగుతుంది, ఆ పేరుకు అర్థమే నీళ్ళు తిరిగే చోటు అని. ర్యూ వంశం వాళ్ళు ఆరు వందల ఏళ్ళుగా అక్కడ కాపురం ఉంటున్నారు, గడ్డి కప్పుల ఇళ్ళూ పెంకుటిళ్ళూ ఇప్పటికీ మనుషులు ఉండేవే. 2010లో యునెస్కో జాబితాలో చేరింది. ఊరి నడిమధ్యన సందు చివర ఆరు వందల ఏళ్ళ నాటిదని చెప్పే చెట్టు ఉంది, దాని చుట్టూ తాళ్ళకు జనం కోరికలు రాసిన కాగితాలు కడతారు. మన చెట్లకు ముడుపులు కట్టినట్టే. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ చెట్టు ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు, ఎవరూ ఏమీ చెప్పకుండానే.

అక్కడి ముసుగు ఆట మామూలుగా మధ్యాహ్నం 2 గంటలకు ఉంటుంది, ఏ రోజుల్లో ఉందో ముందు చూసుకుని వెళ్ళండి. చెక్క ముసుగుల్లో కొన్నింటికి దవడ విడిగా చెక్కి తాడుతో కడతారు. ఆడేవాడు తల వెనక్కి వాల్చితే ముసుగు నవ్వుతుంది, వంచితే కోపంగా మారుతుంది. ఒక ముసుగుకు మాత్రం గడ్డమే ఉండదు. అది పూర్తి కాకుండానే చెక్కేవాడు చనిపోయాడని కథ చెబుతారు. మాటలు అర్థం కాకపోయినా పాప కళ్ళార్పకుండా చూస్తుంది.

ఆట అయ్యాక చాలామంది బస్సెక్కి వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. నది పక్కన కొండ అంచునే సుమారు 4 కిలోమీటర్లు నడిస్తే బ్యోంగ్‌సాన్ సొవోన్ వస్తుంది. సొవోన్ అంటే వెనకటి గురుకులం లాంటిది, తొమ్మిది సొవోన్‌లకు కలిపి 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని ముందు గోడలు లేని పొడవాటి మండపం ఒకటి ఉంది. లోపలి అరుగు మీద కూర్చుంటే ఆ స్తంభాల మధ్యలోంచి నదీ, ఎదుటి కొండా ఏడు బొమ్మలుగా విడిపోయి కనిపిస్తాయి. జులై ఆఖరున, ఆగస్టులో వెళితే అక్కడి చెట్లన్నీ గులాబీ రంగు పూలతో విరగబూసి ఉంటాయి. పాపతో అంత దూరం నడవలేరు అనుకుంటే టాక్సీలో వెళ్ళండి. అక్కడి నుంచి తిరుగు బస్సులు రోజుకు కొన్నే, సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. మేం ఒకసారి ఆఖరు బస్సు పోగొట్టుకుని రోడ్డు మీద నిలబడితే, ఉల్లిగడ్డల బస్తాలు వేసుకెళుతున్న రైతు తన చిన్న ట్రక్కులో ఎక్కించుకుని పెద్ద రోడ్డు దాకా దింపాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

దోసాన్ సొవోన్‌కు వెళ్ళేటప్పుడు జేబులో వెయ్యి వోన్ల నోటు ఉంచుకోండి. దాని మీద ఉన్న పండితుడు త్వేగ్యే (1501–1570) పాఠాలు చెప్పిన చోటు అది, ఆయన పోయాక 1574లో శిష్యులు సొవోన్‌గా కట్టారు. ఎదురుగా నీళ్ళ మధ్య దిబ్బ మీద చిన్న మందిరం కనిపిస్తుంది. 1792లో రాజు త్వేగ్యే గౌరవార్థం అక్కడ ప్రత్యేకంగా కొలువు పరీక్ష పెట్టించాడు. 1976లో అందోంగ్ ఆనకట్ట పూర్తయితే ఆ చోటు మునుగుతుందని దిబ్బను పది మీటర్లు ఎత్తు చేశారు.

బోంగ్‌జోంగ్‌సా ఆలయం చిన్నది, జనం తక్కువ. అక్కడి ఒక మందిరానికి 1363లో పైకప్పు బాగుచేసినట్టు రాత దొరికింది, కొరియాలో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అదే అన్నిటికన్నా పాతదని చెబుతారు. నాకు దిగులేసినప్పుడల్లా వెళ్ళి కూర్చున్న చోటు అదే.

ఊళ్ళోనే సాయంత్రం పూట నడవడానికి వొల్‌యోంగ్‌గ్యో వంతెన ఉంది, 387 మీటర్ల చెక్క నడక వంతెన. దాని వెనక ఒక నిజమైన సంగతి ఉంది. 1998లో ఒక సమాధి తవ్వితే 1586లో చనిపోయిన యువకుడి పక్కన భార్య రాసిన ఉత్తరం దొరికింది, ఆమె జుట్టు కలిపి అల్లిన చెప్పులు కూడా దొరికాయి. నన్నూ బిడ్డనూ వదిలి ఎలా వెళ్ళావని అడుగుతూ కాగితం నిండిపోతే అంచుల్లో కూడా తిప్పి రాసింది. వంతెన ఆకారానికి ఆ చెప్పులే ఆధారం.

కొంచెం దూరం వెళ్ళగలిగితే యోంగ్‌జులో బుసొక్‌సా ఆలయం, 676 నాటిది. అక్టోబరు ఆఖరున గింకో చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలిన దారిలో ఎక్కాలి, దారి పొడుగునా ముసలమ్మలు ఆపిల్స్ అమ్ముతుంటారు. చోంగ్‌సోంగ్ దగ్గర జుసాన్‌జీ, 1721లో పూర్తయిన సాగునీటి చెరువు. నీళ్ళలోనే ముసలి చెట్లు నిలబడి ఉంటాయి. తెల్లారేటప్పటికి అక్కడ ఉండాలి, పొద్దెక్కితే ఆ పొగమంచు ఉండదు. సియోల్‌లోని చోంగ్‌న్యాంగ్‌ని స్టేషన్‌కు రైల్లో రెండు గంటలు. 2024 డిసెంబరు నుంచి అదే లైను బూసాన్ దాకా పూర్తయింది కాబట్టి పాత రాజధాని గ్యోంగ్‌జు కూడా రైల్లోనే పోయి రావచ్చు.

దారి కోసం గూగుల్ మ్యాప్స్ నమ్ముకోవద్దు, అక్కడ నడక దారులు సరిగా చూపదు. నేవర్ మ్యాప్ పెట్టుకోండి. యాత్రల గురించి 1330కు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో చెబుతారు. చూసొక్ పండక్కి మాత్రం ఎక్కడికీ బయల్దేరకండి. మన సంక్రాంతిలా దేశమంతా సొంతూళ్ళకు కదులుతుంది, టికెట్లు ఉండవు, కొట్లు మూసేస్తారు. రెండు రోజులకు సరుకులు తెచ్చుకోండి. మా హల్‌మొనీ పైన్ ఆకుల మీద ఉడికించిన సోంగ్‌ప్యోన్ తెచ్చిచ్చేది. బియ్యప్పిండిలో నువ్వులూ చక్కెరా, అచ్చం మన పూర్ణం కుడుములే.

సూట్‌కేసులో ఏం తేవాలి అని కూడా అడిగారు. కుక్కర్, దానికి రెండు రబ్బర్లు అదనంగా. కరివేపాకు పొడి, మెంతులు, ఇంగువ, పాపకు వాడే మందుల చీటీలు ఇంగ్లీషులో. మీరు తినకపోయినా చుట్టాలు కోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎవరికోసమైనా ఇచ్చి పంపుతామంటే తీసుకోవద్దు. మాంసం ఉన్న ఏ పదార్థమూ విమానాశ్రయం దాటనివ్వరు, దాచి పట్టుబడితే జరిమానా చాలా ఎక్కువ. చలికోట్లు ఇక్కడ కొనకండి, మన ఊళ్ళో దొరికేవి ఆ చలికి ఆగవు. మార్చికి వెళ్ళేట్టయితే పాపకు మందపాటి సాక్సులు నాలుగు జతలు పైసంచిలోనే ఉంచండి, దిగిన రోజు రాత్రికే కావాలి.